పడకపై ఉన్న ఫౌజీ ఇంటికి వెళ్లినప్పుడు

వ్యాధిగ్రస్తుణ్ణి పరామర్శించడం ఒక విశ్వాసిపై మరొక విశ్వాసికి ఉన్న హక్కులలో ఒకటని మదర్సాలో పదేళ్ల పిల్లలకు సైతం మేము బోధిస్తాము. పరామర్శకు వెళ్లినవాడు ఎక్కువసేపు కూర్చోరాదనీ, రోగికి ధైర్యం కలిగే మాట పలకాలనీ, అతని స్వస్థత కోసం దుఆ చేయాలనీ చెబుతాము. ముప్పై ఏళ్లకు దగ్గరగా ఈ పాఠం చెబుతూ వచ్చిన నేను, మా ఊరి విశ్రాంత సైనికుడొకరి మంచం పక్కన కూర్చుని, చెప్పకూడని మాట చెప్పి వచ్చాను. ఆ సంగతి దాచకుండా వ్రాయమని ఆయన కుటుంబమే నన్ను కోరింది. పేర్లు మాత్రం వద్దన్నారు.

ఆయనను ఊరంతా మిలటరీ సాయిబు అనేవారు. పద్దెనిమిదవ ఏట బెంగళూరు వెళ్లి మద్రాస్ శాపర్స్‌లో చేరారు. 1971 యుద్ధంలో పశ్చిమ సరిహద్దున, శకర్‌గఢ్ ప్రాంతంలో పనిచేశారు. శాపర్ అంటే తుపాకీ పట్టి ముందుకు దూకేవాడు మాత్రమే కాదు. శత్రువు భూమిలో పాతిన మందుపాతరలను చీకట్లో వెతికి, తొలగించి, వెనుక వచ్చే ట్యాంకులకూ సిపాయిలకూ దారి చేసి ఇచ్చేవాడు. ఆ డిసెంబరు 15వ తేదీ రాత్రి బసంతర్ నది వద్ద జరిగిన పోరులో శాపర్ల పని ఎంత ప్రాణాంతకమైనదో సైనిక చరిత్ర చదివినవారికి తెలుసు. మా మిలటరీ సాయిబు ఆ విషయం ఎన్నడూ చెప్పలేదు. పింఛను పుచ్చుకుని ఊరికి వచ్చిన తరువాత మస్జిదులో మొదటి వరుసలో నిలబడడం, పొలం చూసుకోవడం, ప్రతి ఉదయం గడ్డం అంచులు సరిచేసుకోవడం, పక్కదుప్పటి ముడత లేకుండా మంచం కిందికి మడిచి ఉంచడం, ఇవే ఆయన గురించి మాకు తెలిసినవి.

డెబ్బై మూడవ ఏట ప్రోస్టేట్ క్యాన్సర్ ఎముకలకు పాకింది. ఇక మందులతో నయమయ్యేది కాదని వైద్యులు చెప్పి ఇంటికి పంపారు.

అప్పటినుండి ఆ ఇంటికి జనం రాక మొదలైంది. ఎవరిదీ చెడు ఉద్దేశం కాదు. కానీ వచ్చిన ప్రతివాడూ యుద్ధం కథే అడిగాడు. 1965లో ఖేమ్‌కరణ్ రంగంలో ట్యాంకులను ధ్వంసం చేసి పరమవీర చక్ర పొందిన అబ్దుల్ హమీద్ పేరు ఎత్తి, మీరూ అంతటివారేనని కొందరు పొగిడారు. ఒక కుర్రవాడు ఫోను ముఖం దగ్గర పెట్టి, శత్రువులను ఎందరిని చంపారు తాతా అని అడిగాడట. ఆయన కళ్లు మూసుకున్నారు. చావుకు దగ్గరైన మనిషిని ఇంకా కవాతులో నిలబెట్టి ఉంచడం ఎంతటి అలసట కలిగిస్తుందో మనకు తట్టదు. పైగా మన ఇళ్లలోని ఫౌజీలకు ఇంకొక బరువు ఉంది. జీవితమంతా తమ నిష్ఠను ఎవరో ఒకరి ఎదుట నిరూపించుకుంటూ వచ్చినవారు వారు. అందుచేత తమ మనసులోని ఒక చిన్న సందేహాన్నైనా, ఒక కన్నీటి చుక్కనైనా బయటికి చెప్పుకునే వీలు వారికి ఉండదు. ఈ మాటను ఇంతకన్నా సాగదీయను.

రెండవ నెలలో రాత్రులు కష్టమయ్యాయి. ఆయన నిద్రలో చేతివేళ్లతో దుప్పటిని అంగుళం అంగుళం తడిమేవారు. ఒకచోట ఆగి, ఊపిరి బిగబట్టి, ఎవరో వెనుక ఉన్నట్లు చేయి ఎత్తి ఆపేవారు. మూత్రం కోసం వేసిన గొట్టం చేతికి తగిలితే వణికిపోయి, ఎవరూ కదలవద్దని హిందీలో అరిచేవారు. పెద్ద కుమారుడు భయపడి, ఇది జిన్నాతుల పని కావచ్చునని, ఒక ఆమిల్‌ను పిలిపించి తావీజు కట్టిద్దామని నన్ను సలహా అడిగాడు.

నేను జవాబు చెప్పేలోపు తెర వెనుక నుండి చాచీ మాట్లాడింది. "పెళ్లయిన నాటి నుంచీ ఆయన మంచం తడుముతూనే ఉన్నారు బేటా. నెలకో రెండు నెలలకో ఒకసారి. నేను ఎవరికీ చెప్పలేదు. ఆయన పరువు కదా."

యాభై ఏళ్లు ఒక స్త్రీ ఆ సంగతిని తన గుండెలో దాచుకుంది. ఆయన సరిహద్దుల్లో ఉన్న కాలంలో ఇన్‌లాండ్ ఉత్తరం కోసం ఎదురుచూసినదీ ఆమే, తిరిగి వచ్చాక ఆ రాత్రులను కాపాడినదీ ఆమే. ఫౌజీ ఇంట్లో పరామర్శకు వెళ్లినవారు ముందుగా పలకరించవలసినది ఆమెను. అంతవరకు మాలో ఎవరమూ పలకరించలేదు.

ఆ రోజు ఆమిల్ దగ్గరకు కాక వైద్యుని దగ్గరకు వెళ్లమని చెప్పాను. మూత్రంలో క్రిములు చేరి జ్వరం తగిలిందనీ, వృద్ధులలో అలాంటి సమయాన మతి తప్పడం, లేనివి కనబడడం సాధారణమనీ ఆయన చెప్పారు. మందు ఇచ్చిన నాలుగు రోజులకు ఆ కలవరం సగం తగ్గింది. మిగిలిన సగం జ్ఞాపకం. జ్ఞాపకానికి మందు లేదు గాని మర్యాద ఉంది. వెనుకనుండి వచ్చి హఠాత్తుగా చేయి వేయకూడదు. ముందు వైపు నుండి వచ్చి, పేరు చెప్పి, ఇది మన ఇల్లు, ఈ రోజు ఫలానా వారం అని నెమ్మదిగా చెప్పాలి. గదిలో చిన్న దీపం వెలుగుతూ ఉండాలి. గొట్టాన్ని కంటికి కనబడకుండా దుప్పటి కింద అమర్చాలి. పెళ్లి ఊరేగింపు ఆ వీధిన వెళ్తే, టపాసులు మానుకోమని పొరుగువారు ఒక మాట చెప్పాలి. మా ఊళ్లో హిందూ సోదరుల ఇంటి పెళ్లి ఒకటి అలాగే నిశ్శబ్దంగా ఆ ఇల్లు దాటి వెళ్లింది. అల్లాహ్ వారికి మేలు చేయుగాక.

నొప్పి సంగతిలో మరొక చిక్కు వచ్చింది. వైద్యుడు మార్ఫిన్ వ్రాస్తే కుమారులు వెనుకాడారు. అది మత్తు కదా, మత్తులో ప్రాణం పోతే కలిమా నోట రాదేమో అని వారి భయం. ఆ భయం భక్తి నుండి పుట్టినదే, ఎగతాళి చేయదగినది కాదు. కానీ వైద్యుని పర్యవేక్షణలో, భరించరాని నొప్పికి చికిత్సగా వాడేదానికి అనుమతి ఉందని మన ధర్మవేత్తలు స్పష్టపరచారు. మోతాదు సరిగా ఉంటే మనిషి మెలకువగానే ఉండగలడని వైద్యుడూ చెప్పారు. నొప్పి తగ్గిన మొదటి రాత్రి ఆయన ఇషా నమాజును తలతో సైగ చేస్తూ చదివారు. అంతకు ముందు వారం రోజులు కేక తప్ప ఆయన నోట మరేదీ రాలేదు. క్యాన్సర్ చివరి దశలో ఇటువంటి ఉపశమన చికిత్స కోసం హైదరాబాదులోని ఎం.ఎన్.జె. ఆసుపత్రిలో ప్రత్యేక విభాగమే ఉంది. మన కుటుంబాలు దానిని ఆశ వదులుకున్నవారి చోటుగా భావించి దూరంగా ఉంచుతాయి. అది సరికాదు.

ఇక నా తప్పు సంగతి.

ఒక మధ్యాహ్నం ఆయన గదిలో ఎవరూ లేకుండా చూసి, తలుపు వేయమన్నారు. మాట చాలా నెమ్మదిగా వచ్చింది. ఆ రాత్రి నది దాటి దారి చేస్తూ వెళ్లిన తరువాత, తెల్లవారుజామున ఒక కందకంలో అవతలి సైన్యపు కుర్రవాడొకడు గాయపడి కనిపించాడట. మీసాలు కూడా సరిగా రాని వయసు. నీళ్లు అడిగాడు. ఈయన తన సీసాలోంచి రెండు గుక్కలు పోశారు. ఆ కుర్రవాడు కలిమా చదవడం మొదలుపెట్టాడు. ముందుకు కదలమని వెనుకనుండి ఆజ్ఞ వచ్చింది. ఈయన వెళ్లిపోయారు. పొద్దెక్కిన తరువాత తిరిగి వస్తే ప్రాణం లేదు.

"మౌల్వీ సాబ్, నేను ఆగి కట్టు కట్టి ఉంటే బతికేవాడేమో. రేపు అల్లాహ్ ఎదుట ఆ పిల్లవాడు నా చేయి పట్టుకుంటే ఏం చెప్పాలి?"

పాఠకులారా, అప్పుడు నేను ఏమి చేశానో వినండి. కలిమా అనే మాట చెవిన పడగానే నా జ్ఞాపకంలో హజ్రత్ ఉసామా బిన్ జైద్ (రజి) వృత్తాంతం మెదిలింది. యుద్ధంలో కలిమా పలికిన వ్యక్తిని ఆయన సంహరించడం, దైవప్రవక్త (స) తీవ్రంగా నొచ్చుకుని పదే పదే ప్రశ్నించడం, తాను ఆ రోజే ఇస్లాం స్వీకరించి ఉంటే బాగుండేదని ఉసామా (రజి) వగచడం, అంతా వివరంగా చెప్పాను. పండితునికి ఉండే జబ్బు ఇది. ఎదుటివాడు ప్రశ్న అడిగితే తనకు తెలిసిన హదీసు చెప్పేదాకా ఊరుకోలేడు. మీది ఆ సందర్భం కాదు, భయపడవద్దని చివర కలిపాను గాని, ఆ చివరి మాట ఆయనకు వినిపించలేదు. ఆయన మెల్లగా ముఖం గోడవైపు తిప్పుకున్నారు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నాకు చదువు చెప్పిన వృద్ధ గురువుకు తెల్లవారి ఫోను చేసి జరిగినదంతా చెప్పాను. ఆయన ఒకే ప్రశ్న అడిగారు.

"నీళ్లు ఇచ్చాడా, లేదా?"

"ఇచ్చారు హజ్రత్."

"మరి నువ్వు నీళ్ల హదీసు వదిలి కత్తి హదీసు ఎందుకు చెప్పావు?"

దప్పికతో నాలుక వేలాడేసిన కుక్కకు బావి నుండి నీళ్లు తోడి తాగించిన వ్యక్తిని అల్లాహ్ క్షమించాడన్న హదీసును నేను ఏటా పిల్లలకు చెబుతాను. ఎదురుగా యుద్ధభూమిలో, ప్రాణభయం నడుమ, శత్రువు నోట్లో నీళ్లు పోసిన మనిషి పడుకుని ఉంటే అది నాకు గుర్తు రాలేదు.

ఆ సాయంత్రమే వెళ్లి ఆయన పాదాల వైపు కూర్చుని క్షమాపణ కోరాను. నీళ్ల మాట చెప్పాను. తరువాత సహీహ్ ముస్లింలో ఉన్న హజ్రత్ అమ్ర్ బిన్ ఆస్ (రజి) అంతిమ ఘడియల వృత్తాంతం చెప్పాను. ఈజిప్టును జయించిన సేనాని ఆయన. మరణశయ్యపై గోడవైపు తిరిగి చాలాసేపు విలపించారు. పక్కన ఉన్న కుమారుడు తండ్రికి ఉపదేశం చేయలేదు. మీకు దైవప్రవక్త (స) ఫలానా శుభవార్త వినిపించలేదా, ఫలానా మాట చెప్పలేదా అని గుర్తు చేస్తూ పోయాడు. అప్పుడు ఆ సేనాని ఇటు తిరిగి, తన జీవితంలోని మూడు దశలను తానే చెప్పుకున్నారు. ఇస్లాంకు ముందటి శత్రుత్వం, ప్రవక్త సన్నిధిలోని కాలం, తరువాత అధికారంలో గడిపిన రోజులు. ఆ చివరి రోజులలో తన స్థితి ఏమిటో తనకే తెలియదన్నారు. అంతటివారు కూడా యుద్ధాల లెక్కను పట్టుకుని భయపడ్డారు. ఆయనను ఎవరూ వీరుడా లే అని తట్టలేదు, పాపాల జాబితా విప్పనూ లేదు. అల్లాహ్ పట్ల సదాశతో తప్ప ఎవరూ మరణించరాదని దైవప్రవక్త (స) తమ మరణానికి మూడు రోజుల ముందు చెప్పిన సంగతి కూడా వినిపించాను.

మిలటరీ సాయిబు అంతా విన్నారు. "రెండు గుక్కలే పోశాను" అన్నారు. ఇంకేమీ అనలేదు. కానీ ఇటువైపే తిరిగి పడుకున్నారు.

ఆ మరుసటి వారం ఆయనతో కలిసి పనిచేసిన ఒక మాజీ నాయక్, పక్క జిల్లా నుండి బస్సులో వచ్చారు. హిందూ సోదరుడు, డెబ్బై దాటిన మనిషి, మోకాళ్ల నొప్పులు. చేతిలో ఒక చిన్న సంచి. పది రోజులు ఉంటానన్నారు, ఇరవై రెండు రోజులు ఉన్నారు. ఆయన యుద్ధం ఊసు ఎత్తలేదు. బెంగళూరు శిక్షణ కేంద్రంలో టీ ఎంత చెత్తగా ఉండేదో, ఎవరి బూటు ఎవరు దొంగిలించారో చెప్పేవారు. రాత్రి దుప్పటి తడమడం మొదలైతే, ఆ చేతిమీద తన చేయి మెల్లగా ఆనించి, "నీ డ్యూటీ అయిపోయింది భాయ్. ఇప్పుడు నాది. నువ్వు పడుకో" అనేవారు. అంతే. ఆ చేయి ఆగిపోయేది. నా ముప్పై ఏళ్ల చదువులో ఆ వాక్యం లేదు.

ఆయన ఒక్కరికి అన్ని రాత్రులూ సాధ్యం కాదు. అప్పటివరకు ఆ ఇంటికి బిర్యానీ గిన్నెలూ, పళ్ల బుట్టలూ, హార్లిక్స్ సీసాలూ చేరాయి గాని, ఒక్క రాత్రి కాపలాకు ఎవరూ రాలేదు. చాచీ నలభై రోజులుగా రెండు గంటలకు మించి పడుకోలేదు. జుమా రోజు మస్జిదులో ఆహారం ఇక చాలునని, మనుషులు కావాలని చెప్పాను. పదకొండు మంది పేర్లు ఇచ్చారు. పది నుండి ఒంటిగంట వరకు ఒకరు, ఒంటిగంట నుండి ఫజ్ర్ వరకు మరొకరు. పట్టిక వ్రాసి గోడకు అంటించాము. దానిని చూసి మిలటరీ సాయిబు మొదటిసారి నవ్వారు. ఒంటిగంట కాపలాకు కొత్తవాళ్లను వేయకూడదు, వాళ్లు నిద్రపోతారు అన్నారు.

కాగితాల విషయం కూడా చెప్పవలసి ఉంది, ఎందుకంటే ఇది మన ఇళ్లలో తరచుగా జరిగే అన్యాయం. మరణానంతరం భార్యకు కుటుంబ పింఛను రావాలంటే పింఛను ఉత్తర్వులో ఆమె పేరు, పుట్టిన తేదీ సరిగా ఉండాలి. చాచీ పేరు పాత సైనిక రికార్డులో బీ అని, ఆధార్‌లో బేగం అని, బ్యాంకు పుస్తకంలో ఏదీ లేకుండా ఉంది. పుట్టిన తేదీ మూడు చోట్లా మూడు రకాలు. మన స్త్రీల పేర్ల చివర బీ, బీబీ, బేగం, ఖాతూన్ ఎవరి ఇష్టం వచ్చినట్లు వారు వ్రాయడం వల్ల ఎందరు వితంతువులు కార్యాలయాల చుట్టూ తిరుగుతున్నారో! భర్త జీవించి ఉండగా ఆయన సంతకంతో సవరణకు దరఖాస్తు చేయడం సులువు; తరువాత ప్రమాణ పత్రాలూ సాక్షులూ కావాలి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం వారు ఈ దరఖాస్తులలో సహాయపడతారు. ఇప్పుడు రక్షణ శాఖ పింఛన్లు స్పర్శ్ అనే కంప్యూటరు పద్ధతిలోకి మారాయి గనుక, అందులో భార్య వివరాలు ఎలా ఉన్నాయో ఒకసారి తెరిచి చూడాలి. మాజీ సైనికుల వైద్య పథకం కార్డు ఆమెకు విడిగా ఉందో లేదో కూడా చూసుకోవాలి. భర్త పోయినా పింఛను పొందే భార్యకు ఆ వైద్యం కొనసాగుతుంది. చావు మాట ఎత్తినట్లు అవుతుందని కుమారులు మొహమాటపడ్డారు. మిలటరీ సాయిబే ఇనుప పెట్టె తెప్పించి, తెల్ల రంగుతో తన నంబరు వ్రాసి ఉన్న ఆ మూత తెరిపించి, పశ్చిమీ స్టార్ పతకం పక్కకు నెట్టి, అడుగున ఉన్న డిశ్చార్జి పుస్తకం తీయించారు.

ఆస్తి గురించి ఒక మాట. భార్య పేరిట ప్రభుత్వం ఇచ్చే కుటుంబ పింఛను మృతుని ఆస్తి కాదని, వారసులు పంచుకునేది కాదని ముఫ్తీలు చెబుతారు. మిగిలిన ఆస్తిలో ముందు కఫన్ దఫన్ ఖర్చు, తరువాత అప్పులు, ఆ తరువాత మూడవ వంతుకు మించని వసీయత్, ఆపైన వారసుల వాటాలు. ఆడపిల్లలకు పెళ్లిలో ఇచ్చాము కదా అన్న మాట షరీఅత్‌లో లేదు. ఆయన ఇద్దరు కూతుళ్ల ఎదుటే అది చెప్పించారు.

వసీయత్‌లో ఆయన ఒక వింత సంగతి వ్రాయించారు. 1971 డిసెంబరు 3 నుండి 17 వరకు, అంటే పదిహేను రోజులు, తన నమాజులు చాలావరకు తప్పిపోయాయనీ, ఊరికి వచ్చాక ఖజా చేశాననీ, అయినా వాటికి ఫిద్యా కూడా ఇవ్వాలనీ. ఖజా చేసినవాటికి ఫిద్యా అక్కరలేదని నేను చెప్పాను. ఒప్పుకోలేదు. "దారి శుభ్రమైందని ఒకసారి చూసి చెప్పకూడదు మౌల్వీ సాబ్. రెండోసారి చూడాలి. మా పని అది."

చివరి రోజు ఉదయం ఊపిరి మారింది. బంధువులు చుట్టూ చేరి కలిమా చదవండి అని ఆయనను తొందరపెట్టబోతే ఆపాను. ఆజ్ఞాపించకూడదు, ఆయన చెవిన పడేటట్లు మనమే మెల్లగా చదవాలి. ఒకసారి పలికితే మళ్లీ అడగకూడదు. చాచీ చదివింది. ఆయన పెదవులు కదిలాయి. జొహర్ అజాన్‌కు ముందే వెళ్లిపోయారు.

మాజీ సైనికులు పూలచక్రమూ జెండా తెచ్చారు. జనాజాపై జెండా ఏమిటని ఒకరిద్దరు పెద్దలు గొణిగారు. శవం పక్కన వాదులాడే పని మనది కాదని వారించాను. మాజీ నాయక్ స్వయంగా జెండాను కొద్దిసేపు కప్పి, తీసి, మడత పెట్టి పెద్ద కుమారుని చేతికి ఇచ్చారు. నమాజుకు ఆలస్యం కాలేదు.

మట్టి వేయడం అయ్యాక జనం కదిలారు. తనను ఖననం చేశాక, ఒక ఒంటెను కోసి మాంసం పంచేటంత సేపు సమాధి వద్ద ఉండమని అమ్ర్ బిన్ ఆస్ (రజి) కోరిన మాట నాకు గుర్తుంది గాని, ఎండ తీవ్రంగా ఉండి నేనూ గేటు దాకా వచ్చాను. వెనుదిరిగి చూస్తే మాజీ నాయక్ ఒక్కరే అక్కడ నిలబడి ఉన్నారు. నేను తిరిగి వెళ్లాను.

"నేను ఇంకాసేపు ఉండవచ్చా మౌల్వీ సాబ్? మీ పద్ధతిలో తప్పు కాదు కదా?" అన్నారు.

ఉండండి అన్నాను. అస్ర్ వరకు ఇద్దరమూ అక్కడే ఉన్నాము.

చాచీకి కుటుంబ పింఛను మూడవ నెలలో వచ్చింది. ఫిద్యా లెక్క నేనే కట్టాను: రోజుకు విత్ర్‌తో కలిపి ఆరు, పదిహేను రోజులకు 90. ఒక్కొక్కదానికి ఫిత్రా దానానికి సమానంగా గోధుమలు. అన్నీ కలిపితే ఒకటిన్నర క్వింటాలుకు కొంచెం తక్కువ వచ్చింది. కుమారులు ఆ గోధుమలు కొని, మా వీధిలోనూ పక్క వీధిలోనూ ఉన్న పేద ఇళ్లకు పంచారు. పంచిన తరువాత పెద్దవాడు పట్టిక పట్టుకుని మొదటి ఇంటి నుండి రెండవసారి లెక్క సరిచూసుకుంటూ వెళ్లాడు.